మావుసి మాట వచ్చేదాకా

మావుసి కుడిచెయ్యి పుట్టిననాటి నుంచీ గుండెకి అతుక్కునే ఉంది. వేళ్ళు ముడుచుకుపోయి, మణికట్టు లోపలికి వంగిపోయి, దేన్నో దాచుకున్నట్టు ఉంటుంది. కుడికాలు ఈడ్చి నడుస్తుంది. ఎడమచెయ్యి మాత్రం మహా చురుకు. నోరు మూసుకుని ఉన్నంతసేపూ ఆ చేత్తో ఆమె చెయ్యలేని పని లేదు. ఉన్న ఒక్క మంచి చెయ్యీ ఎడమది కావడమే వచ్చిన చిక్కంతా.

మా పాండో ఊళ్ళో ఎడమచేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, ఎవర్నీ చెయ్యూపి పిలవకూడదు. తప్పనిసరైనప్పుడు ఏం చెయ్యాలో కూడా పెద్దలే చెప్పిపెట్టారు. ముందుగా "ఎడంచెయ్యండీ" అనాలి. అవతలివాళ్ళు "చెయ్యేలే" అంటారు. దాంతో తప్పు తీరిపోతుంది. కుడిచంకలో పిల్లాడున్నవాళ్ళు, కుడిచేతికి చేపల నీచు అంటినవాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మాట అంటూనే ఉంటారు. మామూలు మనిషికి అది రెప్పపాటు పని.

మావుసికి కాదు. ఆమె నోరూ చెయ్యీ కలిసి బయల్దేరతాయి కానీ కలిసి చేరవు. మాట కోసం దవడ కదిపితే ముందు మెడ పక్కకి తిరుగుతుంది, తర్వాత భుజం ఎగురుతుంది, ఆ ఊపుకి ఎడమచెయ్యి తనంతట తనే ముందుకి చాచుకుంటుంది. మాటేమో గొంతులో ఎక్కడో లేచి, తీరిగ్గా, దారిలో రెండుమూడుసార్లు కూలబడుతూ వస్తుంది. అంటే, ఏమనుకోకండి అని అడగబోయినందుకే తప్పు జరిగిపోతుందన్నమాట. ఇలాంటి చిక్కు ఒక మనిషికి పెట్టినవాడెవడో కనిపిస్తే రెండు మాటలు అడగాలని నాకు చాలాసార్లు అనిపించింది.

వాళ్ళమ్మ సముద్రంలా పరుచుకున్న నది ఒడ్డున, పడవలు ఆగేచోట, చిన్నచేపలు వేయించి అమ్ముతుంది. పిల్లకి పేరు తనే పెట్టింది. మావుసి అంటే దేవుడి చేతిలో ఉన్నది అని. పెద్దయ్యాక మావుసి ఆ పేరు మీద తనే హాస్యమాడేది. "ఏ చేతిలోనో... చెప్పలేదు" అనేది. నాయనమ్మ మాత్రం హాస్యాల మనిషి కాదు. పిల్ల ఎడమచేత్తో ముద్ద తీసుకుంటే గరిటెతో వేళ్ళమీద ఒక్కటిచ్చేది. "మరి దేంతో తినమంటావు దాన్ని?" అని తల్లి అడ్డంపడితే, "నువ్వు తినిపించు" అనేది. తల్లి అలాగే తినిపించింది. చాలా ఏళ్ళు వీపున కట్టుకుని తిరిగింది. పిల్ల నోట "అమ్మ" తర్వాత పలికించిన రెండో మాట "ఎడంచెయ్యండీ". మిగతా పిల్లలు పాటలు నేర్చుకునే వయసులో ఈ పిల్ల క్షమాపణ నేర్చుకుంది. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎన్యోనామ్ టీచరు ఊరి చివర పాత గిడ్డంగి అద్దెకి తీసుకుని, మావుసిలా ఒళ్ళో బుద్ధో సరిగా సహకరించని పెద్దవాళ్ళని పోగుచేసినప్పుడు ఊరంతా నవ్వింది. పనీపాటా లేనివాళ్ళ ఇల్లు అన్నారు. టీచరు కోపం తెచ్చుకోలేదు. గోడమీద "పనీ పాటా" అని అంతెత్తు అక్షరాలు రాయించింది. గురువారం దాకా అక్కడ పని. సబ్బులు పోస్తారు, చీపుళ్ళు కడతారు, అబోలో అనే మొక్కజొన్న రొట్టెలు వండుతారు. శుక్రవారం మధ్యాహ్నం పాట. డప్పులు బయటికొస్తాయి, తెల్ల చేతిరుమాళ్ళు బయటికొస్తాయి, గుండ్రంగా నిలబడి నడుం వంచి ఆడతారు. అప్పుడు మావుసి ఎడమచేతిలో రుమాలు గాల్లో ఎటు ఎగిరినా ఎవరూ తప్పుపట్టరు. ఆట చూడ్డానికి నవ్విన ఊరే వచ్చి గోడెక్కి కూచునేది.

పనిలో మావుసిది వెనకగది. పులిసిన మొక్కజొన్న పిండిని ఆకులో పోసి చుట్టడం, ఆవిరికి పెట్టడం. కుడి మోచేత్తో ఆకుని బల్లకి అదిమిపెట్టి, ఎడమచేత్తో పిండి పోసి, అదే చేత్తో ఆకు అంచులు మడిచేది. చూస్తుండగానే బుట్ట నిండేది. ఏళ్ళతరబడి చేసిందా పని. ఒకరోజు టీచరు ఆకులు లెక్కచూసుకోడానికి వస్తే దారికి అడ్డంగా నిలబడింది.

"టీచరమ్మా... నన్ను... ముందు కూచోబెట్టండి."

"ఎక్కడ ముందు?"

"బజార్లో. అమ్మేచోట."

"ఎందుకే? ఇక్కడ నీకేం తక్కువైంది?"

మావుసి మెడ తిరిగింది, భుజం ఎగిరింది, పిండి చెయ్యి వెళ్ళి టీచరు జాకెట్టుకి తగిలింది. అప్పటికి వచ్చింది మాట. "ఈ ఆకులు... తిరిగి మాట్లాడవు."

టీచరు జాకెట్టు దులుపుకుంటూ నవ్వేసింది. నవ్విన తర్వాత కాదనడం ఆమెవల్ల కాలేదు.

బజార్లో పిండి అమ్మే ఆడవాళ్ళకి పెద్ద ఆబ్లా అవ్వ. ఆవిడ మాట లేకుండా అక్కడ బుట్ట దించడానికి లేదు. రేకుల షెడ్డు మూల, మా గంపల పక్కన, కాస్త చోటిచ్చి, "గొడవలొస్తే మాత్రం లేపేస్తాను" అంది. అబోలో ఆ మూల వేడివేడిగా పరిచారు. వెనకాల సామాను మొయ్యడానికి సెలోర్మ్ ఉన్నాడు. సెలోర్మ్‌కి ముప్పై దగ్గరపడుతున్నాయి. గుండ్రటి మొహం, చిన్న కళ్ళు, పుట్టుకతో బుద్ధి కాస్త నెమ్మది, ప్రేమ మాత్రం మహా తొందర. "పనీ పాటా" ఇంట్లో డప్పు వాడిదే. మావుసిని అక్కా అంటాడు.

మొదటిరోజే గొడవొచ్చింది. కలప వ్యాపారి ఒకాయన వచ్చి రెండు పొట్లాలు అడిగాడు. మావుసి మాట కోసం నోరు తెరిచింది. మాట రాలేదు కానీ చెయ్యి వచ్చేసింది, నేరుగా ఆయన పొట్టమీదికి.

"ఏంటిది? ఎవరికి ఎడంచెయ్యి చూపిస్తున్నావ్? నేను నీ కంటికెలా కనిపిస్తున్నాను?"

"ఎ... ఎ..."

"పైగా ఎక్కిరింపా!" అని పొట్లం బల్లమీదికి విసిరి వెళ్ళిపోయాడు. మావుసి ఆ రోజు మరి నోరు విప్పలేదు. సాయంత్రం బుట్ట సగం అలాగే తిరిగొచ్చింది.

టీచరు చేతులు ముడుచుకుని కూచునే మనిషి కాదు. ముందుగా ఒక అట్టమీద రంగుల అక్షరాలతో "ఎడంచెయ్యి, మన్నించండి" అని రాసి బల్లకి వేలాడదీసింది. చదువు రానివాళ్ళకి అది ధరల పట్టీలా కనిపించింది. చదువొచ్చినవాళ్ళు ఇంకా మండిపడ్డారు. మనిషి ఎదురుగా ఉండగా అట్టచేత చెప్పిస్తారా అన్నారు. సరే, పాటలో పెడితే నోరు తిరుగుతుందేమో అని ఇంకో ఆలోచన. సెలోర్మ్ డప్పు తెచ్చి దరువేశాడు, మావుసి పాడబోయింది. పాటకి చెయ్యి ఇంకా రెచ్చిపోయి ఎదుటివాళ్ళ టోపీలు ఎగరగొట్టింది. జనం బాగానే మూగారు. ఆడారు, చెమటలు తుడుచుకున్నారు, ఒక్కరూ ఏమీ కొనలేదు.

ఆఖరికి సెలోర్మ్‌నే పక్కన నిలబెట్టింది. అక్క చెయ్యి చాపబోయే ముందు వాడు ఆ మాట అరవాలి. వాడికి ఆ ఉద్యోగం ఎంత నచ్చిందంటే కొనేవాళ్ళకే కాదు, దారేపోయేవాళ్ళకీ, మేకలకీ, ఆగిన లారీలకీ "ఎడంచెయ్యండీ!" అని అరిచేవాడు. జనం నవ్వుతూ "చెయ్యేలేరా బాబూ" అని కొనుక్కుపోయేవాళ్ళు. అమ్మకం పుంజుకుంది. టీచరు ఊపిరి పీల్చుకుంది. మావుసి మాత్రం తల వంచుకుని ఇచ్చేది. వెనకగదిలో ఆకులు చుట్టినప్పుడు కూడా ఆమె మొహం అంత చిన్నబోలేదు. ముందు కూచున్నదన్న పేరే కానీ నోరు ఇంకొకడిది.

అలా ఉండగా ఒక ఉదయం ఆబ్లా అవ్వ స్వయంగా వచ్చింది. అంతవరకు ఆవిడ వాళ్ళ దగ్గర ఏమీ కొనలేదు. చుట్టూ ఉన్న పిండి గంపల వాళ్ళందరూ మాటలాపి చూశారు.

"ఒక్కటియ్యి" అంది.

"ఎడంచెయ్యండీ అవ్వా!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచాడు సెలోర్మ్.

అవ్వ వాడివైపు తిరిగింది. "చెయ్యి నీదేంట్రా?"

"అక్కది."

"అరిచిన నోరు?"

"నాది."

"మీ అక్కకి ఆకలేస్తే నువ్వు తింటావా?"

సెలోర్మ్ కాసేపు ఆలోచించాడు. "తింటాను" అన్నాడు, ఉన్నమాట దాచడం చేతకాక.

షెడ్డంతా ఘొల్లుమంది. అవ్వ నవ్వలేదు. చేతికర్ర బల్లకి ఆనించి, రెండు చేతులూ కప్పుకున్న బట్టలోకి లాక్కుని నిలబడింది. "ఒకళ్ళ తప్పుకి ఇంకొకళ్ళు మాట చెబితే చెల్లదు. నువ్వు చెప్పు మావుసీ. నేనాగుతాను."

ఈ ముసలావిడ నలుగురిలో తన పరువు తియ్యడానికే వచ్చిందనుకుంది మావుసి. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అప్పుడే బుట్ట మార్చడానికి వచ్చిన టీచరు ఆ దృశ్యం చూసి పరుగున అడ్డం వచ్చింది.

"అవ్వా, దానికి మాట రాదు. ఈసారికి పోనియ్యండి."

"రాదా? ఆలస్యంగా వస్తుందా?"

"ఆలస్యంగా వస్తుంది."

"అలా చెప్పు. నా మోకాళ్ళూ అంతే, నేను లేచిన చాలాసేపటికి లేస్తాయి. నువ్వు పక్కకి తప్పుకో, నాకు మొహం కనిపించడంలేదు."

మావుసి నోరు తెరిచింది. మెడ తిరిగింది. భుజం ఎగిరింది. పొట్లంతో సహా ఎడమచెయ్యి అవ్వ రొమ్ముల దాకా వెళ్ళిపోయింది. మావుసి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"ఉండనీ" అంది అవ్వ. "దాన్ని నేను చూడ్డంలేదు. ఇచ్చినప్పుడు కాదే తప్పు, పుచ్చుకున్నప్పుడు. నేనింకా పుచ్చుకోలేదుగా. నువ్వు మాట సంగతి చూడు."

ఈ మెలిక అంతవరకు ఎవరికీ తట్టలేదు. చదువుకున్న టీచరుకీ తట్టలేదు, పక్కనే కూచుని రోజూ చూస్తున్న మాకూ తట్టలేదు. ఎనభైకి దగ్గరపడిన, ఊళ్ళో అందరికన్నా పట్టింపుగల మనిషికి తట్టింది. పట్టింపు ఉంది కాబట్టే తట్టిందేమో. ఆచారాన్ని అటూఇటూ తిప్పి చూడాలంటే ముందు దానిమీద గౌరవం ఉండాలి కదా.

అవ్వ కదలకుండా నిలబడింది. వెనకాల ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. ఎవరిదో కోడి అరిచింది. మావుసి గొంతులో మాట లేచింది, కూలబడింది, మళ్ళీ లేచింది.

"ఎడం... చెయ్... యండీ."

"చెయ్యేనమ్మా" అని అవ్వ బట్టలోంచి కుడిచెయ్యి తీసి పొట్లం అందుకుంది. అక్కడే ఆకు విప్పి, తుంచి నోట్లో వేసుకుంది. "ఉప్పు తక్కువైంది" అని కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

అవ్వ ఆగిన చోట ఇంకొకళ్ళు "మేం ఆగం" అనడానికి మొహం చెల్లదు. ఆ రోజు నుంచి పిండి ఆడవాళ్ళందరూ ఆగడం మొదలుపెట్టారు. మావుసి చెయ్యి వాళ్ళ ముక్కుకిందే ఊగుతున్నా చూడనట్టే ఉండి, మొహంకేసి చూస్తూ నిలబడేవాళ్ళు. ఆ నిలబడ్డ కాసేపట్లో ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకునేవాళ్ళు. ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో, ఎవరి కోడలు ఎవర్నేమందో మావుసికి తెలియనిది లేకుండాపోయింది. మధ్యలో తనూ ఒక మాట వేసేది. మాట చిన్నదే కానీ చురుక్కుమనేది, అంతసేపు ఎదురుచూసి విన్నారేమో, అందరికీ గుర్తుండిపోయేది. సెలోర్మ్‌ని టీచరు వెనకగదికి పంపేసింది. వాడు రెండురోజులు అలిగాడు.

అయితే మాట వచ్చేలోపు అబోలో చల్లారిపోతోంది. పడవలకి పరుగెత్తేవాళ్ళూ, లారీలవాళ్ళూ వరస చూసి పక్కకి పోతున్నారు. బుట్టలు మళ్ళీ మిగిలి రావడం మొదలైంది. సబ్బులవాళ్ళ జీతం, చీపుళ్ళవాళ్ళ జీతం అన్నీ ఆ అబోలోలోంచే రావాలి. టీచరు ఒక సాయంత్రం మావుసి పక్కన నేలమీద కూలబడింది.

"ఏమనుకోకే. సోమవారం నుంచి బల్ల దగ్గర సెలోర్మ్ కూచుంటాడు. వాడికి లెక్క రాకపోతే నేను చూసుకుంటాను. నువ్వు చుట్టినంత బాగా ఎవరూ చుట్టలేరు కూడాను."

మావుసి ఏదో అనడానికి ప్రయత్నిస్తోందని టీచరుకి ముందు తెలియలేదు.

"ఆగుతున్నారు... టీచరమ్మా."

"ఎవరు?"

"జనం. నేను నోరు తెరిస్తే... ఆగుతున్నారు. నా జన్మలో... ఎవరూ ఆగలేదు. అమ్మ కూడా... నా మాట తనే... అనేసేది." ఆ తర్వాత ఏడ్చింది. గట్టిగా, సిగ్గుపడకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది.

టీచరు కూడా కళ్ళు తుడుచుకుంది. కానీ జీతాలు ఇవ్వాల్సిన మనిషి. "వచ్చే పెద్దబజారు రోజు దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే నన్ను తిట్టుకోకు" అంది.

పెద్దబజారు రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ పాండోలోనే ఉంటాయి. టీచరు మధ్యాహ్నం వేళకి సెలోర్మ్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. వాడికి ఇస్త్రీ చేసిన ఏప్రన్ కట్టింది, మొహం కడిగించింది. మనసులో ఆమె అప్పటికే తేల్చేసుకుందని నాకు ఆ ఏప్రన్ చూడగానే అర్థమైంది. మావుసికీ అర్థమైంది. వాళ్ళని ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుని, ముందున్న మనిషికి చెప్పాల్సిన మాట వెతుక్కుంది.

అప్పుడే షెడ్డు పక్కన టాక్సీ ఒకటి ఆగింది. ఇంజను ఆపకుండానే డ్రైవరు దూకి వచ్చాడు. వరసని దాటుకుంటూ ముందుకొచ్చి, పళ్ళెంలో డబ్బులు పడేసి, "అక్కా, ఒకటి, తొందర!" అన్నాడు. మావుసి నోరు తెరవగానే చెయ్యి ముందుకొచ్చింది. డ్రైవరు ఆ చేతిలోంచి పొట్లం లాక్కుని వెనక్కి తిరిగాడు.

"ఏయ్! ఆగు!" వరసలో చంటిపిల్లని ఎత్తుకున్నావిడ ఆ అరుపు అరిచింది.

డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. "డబ్బులిచ్చానుగా!"

"డబ్బులు ఎవడడిగాడు? మావుసి ఇంకా చెప్పలేదు!"

"ఏం చెప్పలేదు?"

"చెప్పాల్సింది చెప్పలేదు. నోట్లో మాట ఉండగానే లాక్కుపోతావా? మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

"బండి ఆన్‌లో ఉందమ్మా!"

"ఉండనీ. నీ బండి మాట్లాడుతుందా ఏంటి మధ్యలో!" అన్నాడు ఇంకొకాయన. వరసంతా అందుకుంది. ఉల్లిపాయల మూట నెత్తిన పెట్టుకున్నావిడ మూట దించకుండానే తిట్టింది. ఎక్కడో దూరపు పల్లెనుంచి వచ్చి, మావుసిని ఆ రోజే మొదటిసారి చూసినవాళ్ళు కూడా, సంగతేంటో పూర్తిగా తెలియకపోయినా, తలో మాటా వేశారు. టాక్సీలోంచి ఒక ముసలాయన తల బయటికి పెట్టి, "వెళ్ళి సరిగ్గా తీసుకురా నాయనా. దొంగతిండి ఉన్న బండిలో నేను కూచోను, దిగిపోతాను" అన్నాడు.

డ్రైవరు నలువైపులా చూశాడు. ఒక్క మొహమైనా తనవైపు లేదు. కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొచ్చి పొట్లం బల్లమీద పెట్టాడు.

టీచరు షెడ్డు స్తంభానికి ఆనుకుని ఇదంతా చూసింది. కాసేపటికి సెలోర్మ్ భుజం తట్టి, "ఆ ఏప్రన్ విప్పెయ్యి నాయనా" అంది.

"మరి నేను?"

"నువ్వు వేడి పొట్లాలు తెచ్చివ్వాలి. పొయ్యి ఇక్కడే పెడదాం, చల్లారకుండా. పద, కట్టెలు కావాలి." ఇద్దరూ గబగబా వెళ్ళిపోయారు.

బల్ల ముందు డ్రైవరు బడిపిల్లాడిలా చేతులు రెండూ కిందికి వదిలి నిలబడ్డాడు. "చెప్పక్కా" అన్నాడు. వరసంతా తిట్లాపి ఆమెకేసి తిరిగింది.

మావుసి పొట్లం అందుకుని నోరు తెరిచింది. మెడ తిరిగింది. భుజం ఎగిరింది. చెయ్యి వెళ్ళి అతని గడ్డం కింద ఊగింది. అతను దాన్ని చూడనట్టు నటిస్తూ ఆమె మొహంకేసి చూశాడు. మావుసి అతన్ని చూసింది. వెనక గుడగుడమంటున్న టాక్సీని చూసింది. కదలకుండా నిలబడ్డ అంత పొడుగు వరసని, ఈ చివరనుంచి ఆ చివరదాకా, తీరిగ్గా చూసింది.

"వస్తోందా అక్కా?" అన్నాడు డ్రైవరు దీనంగా.

వస్తోందన్నట్టు తల ఊపింది మావుసి. నిజానికి మాట నోటిదాకా ఎప్పుడో వచ్చేసింది.